ఆరు గంటల దారికి మూడు మడతలు

"కోటా? అయిపోయినట్టే తల్లీ, చివరి గుండీ దగ్గరుంది," అన్నాడు దర్జీ బాబాయ్ కుర్చీలోంచి కదలకుండానే. "కూర్చో ముందు. ప్రయాణం రేపేగా? ఎందాకా?"

"బ్యాంకాక్‌లో దిగి టోక్యో విమానం ఎక్కాలి బాబాయ్. అదే ఆరు గంటలట. మొదటిసారి కదా, భయంగా ఉంది. అక్కడ చలి కూడానట. ఆసుపత్రిలో డ్యూటీ ఎల్లుండి నుంచే. కోటు మాత్రం చేతికివ్వు."

"ఆరు గంటలా? ఎవడు చెప్పాడు? ఇదిగో ఇస్త్రీ అన్నా, నువ్వూ విను. ఒకసారి ఆ దారిలోనే విమానం నడిపే కెప్టెన్‌కి కోటు గుండీ ఊడింది. సూదీ దారం నా జేబులో ఎప్పుడూ ఉంటాయిగా, క్షణంలో కుట్టిచ్చా. మురిసిపోయి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఎదురుగా పటం. దూరం నాలుగున్నర వేల కిలోమీటర్ల పైమాటే. 'చాలా దూరం' అని నిట్టూర్చాడు పాపం. నేనన్నాను, 'అయ్యా, ప్యాంటు పొడుగైతే కాళ్లు సాగదీయమంటామా? మడిచి కుడతాం!' ఆ తర్వాత ఏం చేశానో తెలుసా?"

"మడిచావా?" అన్నాడు పక్క బల్ల దగ్గర బట్టలు రుద్దుతున్న ఇస్త్రీ అన్న.

"మడవక! కిటికీ తెరిచి, నడుం దాకా బయటికి వంగి, సముద్రాన్ని అంచు పట్టుకుని లాగి, ఒక మడత వేసి టాకాలేశా. ఆరు గంటల దారి మూడు గంటలైంది."

"మరి మధ్యలో ఉన్న ఊళ్లు ఏమయ్యాయి?"

"మడత లోపలికి పోయాయి. ఆ పూట అక్కడ తెల్లారలేదు, అంతే. కెప్టెన్ 'ఇంకొంచెం' అన్నాడు. ఇంకో మడత వేశా, గంటకొచ్చింది. ఊరుకోవచ్చుగా? నా చెయ్యి ఊరుకోదే! మూడోది కాస్త బిగువెక్కింది. ఏమైందో చెప్పుకోండి? విమానం ముక్కు టోక్యోలో, తోక బ్యాంకాక్‌లో! ముందు సీట్లవాళ్లు దిగుతుంటే వెనక సీట్లవాళ్లు ఇంకా ఎక్కుతున్నారు. నేను దిగి, టీ తాగి, వెనక్కి తిరిగి చూస్తే బ్యాంకాక్‌లో టికెట్టు పట్టుకుని లైన్లో నిలబడి ఉన్నది ఎవరనుకున్నావ్? నేనే! చెయ్యి ఊపితే వాడు గుర్తుపట్టనైనా లేదు, వెధవ."

"మరి ఇప్పుడు మళ్లీ ఆరు గంటలెందుకైంది?"

"వచ్చేటప్పుడు నేనే కుట్లు విప్పేశానన్నా. లేకపోతే భూమికి చంకల్లో పట్టేయదూ? కాబట్టి భయపడకు తల్లీ, ఆ దారి నా చేతిలో..."

"బాబాయ్, ఒకసారి లే."

"ఇంకా అసలు కథ..."

"లే బాబాయ్."

లేచాడు. కుర్చీ మీద, ఇంతసేపూ ఆయన కింద మెత్తగా ఉన్నది నీలం ఉన్ని గుడ్డ. పోయిన నెల ఆమె తెచ్చినప్పుడు కొట్టువాడు కట్టిన పురికొస ముడి కూడా విప్పలేదు.

ఇస్త్రీ అన్న పకపకా నవ్వాడు. ఆమెకు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. బాబాయ్ ఎవరూ అడగకుండానే టేపు మెడలో వేసుకున్నాడు.

"తెల్లారేసరికి, తల్లీ, నా మీద ఒట్టు..."

ఆమె గుడ్డ ఆయన చేతిలో పెట్టి, ఆ కుర్చీని గుమ్మానికి అడ్డంగా లాక్కుని కూర్చుంది.

"బ్యాంకాక్ నుంచి టోక్యోకి ఆరు గంటలు బాబాయ్. నీకూ అంతే. నేనిక్కడి నుంచి కదలను. మొదలెట్టు. ఈసారి గుడ్డని మడువు, దారిని కాదు."