యంత్రం ఆగితేనే సంతకం తీసుకున్న ఢిల్లీశ్వరరావు గారు

1992వ సంవత్సరం ఆగస్టు మూడవ తేదీ, సోమవారం ఉదయం, కాశీబుగ్గ రోడ్డులోని మా శీతల యంత్రాల సర్వీసు సంస్థలో శ్రీ బమ్మిడి ఢిల్లీశ్వరరావు గారు సహాయక మెకానిక్‌గా విధుల్లో చేరారు. ఆనాటికి పలాసలో ఏసీలు బహు స్వల్పం. ఉన్న కొద్దిమందీ గది చల్లబడటానికి గాక, తమకు ఏసీ ఉన్న సంగతి వీధికి తెలియడానికి తలుపులు బార్లా తెరిచి నడిపించేవారు. అట్టి కాలంలో పూండిలో ఫ్రిజ్‌లకూ, తీరంలో ఐస్ ఫ్యాక్టరీలకూ చికిత్స చేస్తూ, సైకిలు వెనుక పనిముట్ల సంచి కట్టుకొని ఉద్దానమంతా తిరిగి, తమ పనితనంతో మా సంస్థకు పేరు తెచ్చారు. వారు తెచ్చిన ఆ పేరు మీదనే మేమంతా ఇళ్లు కట్టుకున్నాం.

క్రమేణా సీనియర్ మెకానిక్‌గా, అనంతరం సూపర్‌వైజరుగా పదోన్నతులు పొందిన ఢిల్లీశ్వరరావు గారు, తమ ఉద్యోగ జీవితమంతా ఒక చిన్న పరికరానికి అండగా నిలిచారు. అదే ఫ్లోటు స్విచ్. ఏసీ విడిచే నీరు ఒక పళ్లెంలోకి చేరి, గొట్టం ద్వారా బయటికి పోతుంది. గొట్టం పూడితే పళ్లెం నిండుతుంది. అప్పుడు అందులోని చిన్న తేలుడు బిళ్ల పైకి లేచి కరెంటు ఆపేస్తుంది. ఏసీ ఆగుతుంది, ఇల్లు తడవకుండా మిగులుతుంది. ఏసీ బిగించిన ప్రతి చోటా వారు పళ్లెంలో చెంబుడు నీళ్లు స్వయంగా పోసి, యంత్రం ఆగిన తరువాతనే యజమాని సంతకం తీసుకునేవారు. యంత్రం నడుస్తోందని సంతకం తీసుకునే సంస్థలు ఎన్నో ఉన్నాయి. ఆగుతోందని తీసుకున్నది వీరొక్కరే.

అయితే మన మధ్యతరగతి ప్రజానీకానికి ఏసీ ఆగడమంటే యంత్రం తమను పదిమందిలో అవమానించడమే. కంచిలిలో ఒక పెద్దమనిషి ఆ బిళ్ల లేవకుండా కొబ్బరితాడుతో కట్టేశారు. హాలు తడిసి కబురంపితే వెళ్లిన ఢిల్లీశ్వరరావు గారు, "అది ఆగిందంటే మీ మంచికే ఆగింది బాబూ. ఆగినదాన్ని తిట్టీసి, కారినదాన్ని తుడుసుకోడానికి మమ్మల్ని పిలుత్తారేటి?" అని అడిగి వచ్చారు. సంతబొమ్మాళిలో మా మెకానిక్ పాండు, యజమాని బతిమాలితే స్విచ్ తీగలు రెండూ కలిపేసి వచ్చిన సందర్భంలో, పాండును వెంటబెట్టుకొని వెళ్లి, ఆ ఇంటి నేలను పాండు చేతనే తుడిపించారు. మేమందరం పక్కన నిలబడి, క్రమశిక్షణ ఎంత అవసరమో చర్చించుకున్నాం.

తిత్లీ తుపాను తరువాత కొబ్బరిచెట్లు దారులకు అడ్డం పడినప్పుడు, ఒక డయాలసిస్ గదిలో ఏసీ సరిచేయడానికి సంచి భుజాన వేసుకొని నడిచి వెళ్లినదీ వీరే. ఆ రోజు మాలో చాలామందికి జ్వరం వచ్చింది.

ఈ వ్యాసాన్ని ఇక్కడితో ముగించి శుభాకాంక్షలు తెలియజేయాలని సన్మాన సంచిక కమిటీ తీర్మానించింది. కానీ ఢిల్లీశ్వరరావు గారు నన్ను పిలిపించి, "మా ఇంట్లో జరిగింది రాయకపోతే నీ సంచికా వద్దు, మీ శాలువా వద్దు" అన్నారు. కావున రాస్తున్నాను.

గత సంవత్సరం మే నెలలో వారి కుమారుడు చిరంజీవి మహీధర్‌కు టెక్కలి సంబంధం కుదిరే దశలో, అమ్మాయి తరఫువారు ఇల్లు చూసుకోవడానికి వచ్చారు. ఇల్లు చూడటమంటే గోడలు చూడటం కాదని అందరికీ తెలుసు. హాలు ఫాల్స్ సీలింగులో నాలుగు వైపులా గాలి కొట్టే ఏసీ అప్పటికే సిద్ధమైంది. దాన్ని బిగించింది పాండు. హాలు నిండుగా, గౌరవంగా కనిపించాలని మమ్మల్నందరినీ ఆహ్వానించారు. మేమూ నిండుగానే కూర్చున్నాం.

జీడిపప్పు పాకం ప్లేట్లు చేతికి వచ్చేసరికి ఏసీ ఆగిపోయింది. గొట్టం పూడింది. శుభ్రం చేయాలంటే నిచ్చెన వేసి, సీలింగు విప్పి, దుమ్ము రాల్చాలి. వియ్యాలవారి ముందు ఆ పని ఎవరు చేస్తారు? ముందుగా నేనే, "సార్, మన సూపర్‌వైజరు గారింట్లోనే ఆగితే కంపెనీ పరువేటవుద్ది?" అని వారి చెవిలో వేశాను. శ్రీమతి దమయంతి గారు వంటింటి గుమ్మం నుంచి, "ఏవండీ, ఊరందరివీ బాగుసేత్తారు, మనది సెయ్యలేరా? ఆళ్లు ప్లేట్లతో ఇసురుకుంటన్నారు!" అన్నారు.

ఢిల్లీశ్వరరావు గారు స్టూలు తీసుకొని, స్విచ్ తీగలు చేరే పెట్టె ఉన్న వరండాలోకి నడిచారు. స్టూలు పట్టుకున్నది పాండు.

"సార్, తీగలు కలిపీసినారేటి?"

"గంట సేపే కదరా. ఆళ్లు ఎల్లగానే తీసెత్తాను."

ఏసీ మళ్లీ నడిచింది. హాల్లో అందరం హాయిగా నిట్టూర్చాం.

గంట కాలేదు. సీలింగు మీద తడి మరక ఒకటి మొదలై, మా కళ్ల ముందే పెరిగి, ఒడిశా పటం ఆకారానికి వచ్చింది. అందరం ప్లేట్లలోకి చూశాం. పెళ్లిమాటల్లో పైకి చూడటం మర్యాద కాదు. అమ్మాయి తండ్రి జగదీశ్వరరావు గారు కట్నానికి వెనుకాడబోమని పెద్దమనసుతో చెబుతున్న సమయంలో, నానిన సీలింగు ముక్క, దాని వెనుక బకెట్టుడు నీరు, వారి ఇస్త్రీ కండువా మీదా పాకం ప్లేటులోనూ పడ్డాయి.

"ఏటి బావా," అన్నారు ఆయన ముఖం తుడుచుకుంటూ, "ఏసీ అన్నారు, వానాకాలాన్ని ముందే దింపీసినారేటి?" ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. వెంటనే ఆయన గొంతు మారింది. "ఎవుడు బిగించినాడు దీన్ని?"

అందరం పాండు వైపు చూశాం. సంతబొమ్మాళి సంగతి తెలిసినవాళ్లం గనుక మరింత నమ్మకంగా చూశాం. "నువ్వే కదా పాండూ..." అని దమయంతి గారు అననే అన్నారు. టెక్కలిలో కొత్త ఇళ్లు కట్టేవాళ్లు సగంమంది ఆ హాల్లోనే ఉన్నారు. ఆ మాట అలాగే నిలబడిపోతే, పాండును ఆ తరువాత ఏ ఇంట్లోనూ నిచ్చెన ఎక్కనివ్వరు. పాండు తన కాళ్ల వంక చూసుకుంటూ నిలబడ్డాడు. స్టూలు దగ్గర చూసింది చెప్పలేదు. ఢిల్లీశ్వరరావు గారు ఊరుకుంటే చాలు, సంబంధం నిలుస్తుంది, పరువు నిలుస్తుంది. వారు కొంతసేపు ఊరుకున్నారు కూడా. ఆ మాట తప్పక రాయమన్నారు.

తరువాత అన్నారు: "పాండు కాదు బావా. వాడు బిగించింది సక్కగానే ఆగింది. ఆగినదాన్ని నేనే నడిపించినాను. మీ ముందు సిన్నతనం అవుతాదని."

పట్టుపంచె మోకాళ్ల పైకి మడిచి, దమయంతి గారి చేతిలోని గుడ్డ తీసుకొని, కింద కూర్చొని, వియ్యంకుడి కాళ్ల చుట్టూ నేల తుడవసాగారు. పాండు పరుగున వచ్చి, "ఇలాగియ్యండి సార్" అని వంగాడు.

"సంతబొమ్మాళిలో నీ సేతిలోంచి నేను తీసుకున్నానేట్రా? తప్పుకో."

మేము మా కాళ్లు పైకెత్తి కూర్చున్నాం, తుడవడానికి వీలుగా. తరువాత ఎన్నోసార్లు ఆలోచించాను. లేచి ఇంకో గుడ్డ తీసుకోవచ్చని మాలో ఒక్కరికీ తోచలేదు.

చాలాసేపటికి జగదీశ్వరరావు గారు ముందుకు వంగి, తన మాట హాలంతటికీ వినబడుతుందని గమనించకుండా, "బావా, మా ఇంటికి మీరొచ్చినపుడు ఏసీ ఆగనేదు గదా?" అన్నారు.

"నేదు బావా. సల్లగా ఉంది."

"అదీ అందుకే ఆగనేదు. ఓసారి పాండుని పంపండి."

సంబంధం అక్కడే ఖాయమైంది. కోడలు భానుప్రియ ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉంది. ఏసీ ఆగితే కిటికీలు తెరుస్తుందట.

ఆ మరుసటి వారం మా సిబ్బందిలో పలువురు స్టోర్సుకు వచ్చి, "మా ఫ్రెండు ఇంటికి" అని చెప్పి కొత్త ఫ్లోటు స్విచ్‌లు పట్టుకెళ్లారు. స్టోర్సు బాధ్యుడిగా నేనే ఇచ్చాను. నాకూ అలాంటి ఫ్రెండు ఒకడు ఉన్నందున నేనూ ఒకటి తీసుకున్నాను.

సన్మానం జరగబోయే హాల్లో ఏసీని పాండు గారే బిగించారు. ఢిల్లీశ్వరరావు గారు నిన్న వచ్చి చెంబుడు నీళ్లు పోసి, అది ఆగడం చూసి సంతోషించారు. వారు పూర్ణారోగ్యంతో, దమయంతి గారితో కూడి, మనుమల చేత చెంబుతో నీళ్లు పోయిస్తూ నిండు నూరేళ్లు వర్ధిల్లాలని ఆకాంక్షిస్తున్నాం. శాలువా కప్పే సమయానికి ఏసీ ఆగినట్లయితే, సభ్యులెవరూ స్టూలు వెతకవద్దని మనవి. ఈ సంచిక కాస్త మందపాటి కాగితం మీద అచ్చయింది. దీనితో విసురుకోవచ్చు.

— ఉమామహేష్, స్టోర్సు విభాగం