దిగే వైపు

వంటగది బల్ల మీద మ్యాపు పరిచి, కొండ ఎక్కి సరస్సు చుట్టి వచ్చే సైకిల్ దారిని వదిన పెన్సిలుతో గీస్తోంది. మరదలు ఎదురుగా కూర్చుని టీ తాగుతోంది.

"ఈసారి ఇటునుంచి ఎందుకు వదినా? పోయినేడు అటునుంచేగా తిరిగాం."

"ఇటైతే ఎండ వీపు మీద పడుతుంది."

"ఎండకి జడిసే మొహమేనా నీది? దిగుతూ నువ్వు పడ్డ మలుపు ఇటైతే ఎక్కేటప్పుడు వస్తుందని చెప్పు."

పెన్సిలు ఆగింది. ఎప్పుడో మానిన భుజం మళ్లీ సలిపింది.

"సరే, అదే. దిగుతుంటే చేతులు బ్రేకుల మీద బిగుసుకుపోతున్నాయి. మీ అన్నయ్యతో అనకు."

"అనను. కానీ ఎటు తిరిగినా ఎక్కిందంతా దిగాలిగా."

"అందుకే నువ్వు నా వెనకే రా."

మరదలు కప్పు దించబోతే టీ ఒలికింది.

"వెనక మాత్రం రాలేను వదినా. నువ్వు అంచు దాటి సరస్సు వైపు జారిపోవడం చూసింది నేనేగా. కళ్లు మూస్తే ఇప్పటికీ నీ వీపే కనిపిస్తుంది."

ఇన్నాళ్లూ ఆ భయం తనొక్కదానిదే అనుకుంది వదిన.

"అయితే నువ్వే ముందు దిగు. నేను వెనక వాగుతూనే ఉంటాను. నా మాట ఆగితే నువ్వూ ఆగు."

"ఆ గాలిలో నీ మాట వినపడుతుందా?"

వదిన, టీ మ్యాపు మీదికి పాకకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది.