బెల్లం ముక్క

కరువు ఏడాది. తణుకు కాలవ గట్టున, కాలవ తవ్వే కూలి జనానికి సర్కారు వేయించిన గంజి పందిరి. వేలాడిపోతున్న కూతుర్ని చంకనేసుకుని తల్లి గుమాస్తా ఎదుట నిలబడింది.

“నీ పిల్లకి ఇక్కడ గంజి లేదు. రేపట్నించి పనిలోకి పంపించు.”

“అదేంటి బాబుగారూ! ఆరేళ్లు కూడా నిండలేదండి దీనికి.”

“ఏళ్లతో నాకేం పని? మట్టితట్ట ఎత్తలేని పిల్లలకే ఊరికే గంజి పొయ్యమని సర్కారు ఉత్తరువు. పొద్దున ఇది ఎత్తిందా లేదా?”

“ఎత్తితే బెల్లం ముక్క ఇస్తానన్నారు కదండీ తమరు. ఆశపడిందండి.”

“ఇచ్చానా లేదా?”

“ఇచ్చారండి.”

“మరింకేం?”

“నాలుగడుగులేసి కూలబడిపోయిందండి. అప్పట్నించీ కళ్లు తెరవలేదు.”

“ఉత్తరువులో ఎత్తడమే ఉంది. మొయ్యడం లేదు.”

పిల్ల ఒళ్లు చేతిలో కాలిపోతోంది. ఇంత నీరసంలో తట్ట కదిలించడం కూడా దానివల్ల కాదని తల్లికి గట్టి నమ్మకం.

“ఇంకొక్కసారి చూడండి బాబుగారూ, తమ కాళ్లట్టుకుంటాను. ఎత్తలేకపోతే గంజి పోయించండి.”

“సరే, దింపు. ఒరేయ్, ఆ తట్ట ఇలా తెండ్రా! ఏమే పిల్లా, ఈసారి ఎత్తితే రెండు ముక్కలు.”

పిల్ల కళ్లు తెరిచింది.

“ఎత్తకే! నా తల్లివి కదూ, ఎత్తకే!”

తల్లి పట్టుకునేలోపే పిల్ల చంకలోంచి జారి, తట్ట కింద తల దూర్చింది.

“ఒకటి నీకేనే అమ్మా,” అంటూ లేచి నిలబడింది.