ప్రియమైన ఖాతాదారు గారికి

లేదంటే ఎలాగండీ మేడమ్? ఏమీ లేదంటే ఎలాగ? ఆ కంప్యూటరు ఒకసారి ఇటు తిప్పండి, నన్నూ చూడనివ్వండి. నలభై రెండేళ్ళ మనిషిని. నా పేరు కొడితే ఖాళీగా వచ్చిందంటే, నేను పుట్టనేలేదనా మీ ఉద్దేశం?

ఇంతవరకూ అప్పు తీసుకోలేదు కాబట్టి ఇప్పుడు మీ బ్యాంకు అప్పు ఇవ్వదు. భలేగా ఉందండీ. నాలుగు చోట్ల తీసుకుని రెండు చోట్ల ఎగ్గొట్టుంటే, కనీసం ఇలాంటి మనిషి ఒకతి ఉందని తెలిసేదన్నమాట మీకు!

లేదు, అరవడం లేదు. నా గొంతే అంత. ఇరవై ఏళ్ళు కుట్టుమిషను చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి ఇలా అయింది. ఆ కుర్చీలో పెద్దాయన్ని కంగారుపడొద్దని చెప్పండి, కొట్టుకోవడం లేదు మనం.

ఆదాయమా? అక్కడ గీత పెట్టాను చూడండి. గీత అంటే లేదని. శిక్షణలో ఉన్నాను.

కాళ్ళు చేసే చోట. అవునండీ, కాళ్ళే. ప్రమాదంలోనో జబ్బుతోనో కాలు పోయినవాళ్ళకి పెట్టే కాళ్ళు. తెగిన చోట తడి ప్లాస్టర్ పట్టీ చుట్టి అచ్చు తీయాలి. ఆ అచ్చులో మళ్ళీ ప్లాస్టర్ పోసి, ఆరాక అరగదీయాలి. ఎక్కడ ఎముక ఒత్తుకుంటుందో అక్కడ చోటు వదలాలి. బియ్యపుగింజంత తేడా వచ్చినా ఆ మనిషి పది అడుగులు వెయ్యలేడు. నా గోళ్ళు చూడండి, ఎంత తోమినా ఈ తెలుపు పోదు. పెళ్ళివారింటికి సున్నం వేసొచ్చావా అని మా అమ్మాయి వెక్కిరిస్తుంది.

పదకొండు నెలలు. జీతమా? అయ్యో, మీరు భలేవారే! "పని నేర్పేది మేము, పైగా డబ్బులు కూడానా?" అంటారు మాస్టారు. నిజమే, నేర్పుతున్నారు, కాదనను. కానీ నేను చేరకముందు ఆడవాళ్ళు కొలతలివ్వకుండానే వెనక్కి పోయేవారట. తొడ దాకా బట్ట తీసి మగాళ్ళ మధ్య ఎవరు కూర్చుంటారు చెప్పండి? ఇప్పుడు వాళ్ళంతా నా దగ్గరికే. కొలత నేనే, అచ్చు నేనే, కాలు బిగించే పట్టీ కుట్టడం నేనే, మొదటిసారి నిలబడ్డప్పుడు వాళ్ళు ఏడిస్తే పట్టుకునేదీ నేనే. సాయంత్రం రిజిస్టరులో మాత్రం నేను పనిచేసినట్టు కాదట, నేర్చుకున్నట్టట.

సరేలెండి, ఆ గొడవ మీకెందుకు.

శుక్రవారంలోగా ముప్ఫై ఎనిమిది వేలు కట్టాలి మేడమ్. పరీక్ష ఫీజూ, పనిముట్ల పెట్టె ఖరీదూ కలిపి. తొమ్మిది నెలలు అయిపోయాయి, ఇంకా రెండే. కట్టకపోతే ఈ తొమ్మిదీ లెక్కలోకి రావు, మళ్ళీ మొదటినుంచి చేరాలి. కడితే, పాసైతే, అక్కడే ఉద్యోగం. ఇదిగో మాస్టారు రాసిచ్చిన కాగితం. నెల జీతం ఇంత అని అంకె కూడా వేశారు. నాకొచ్చే డబ్బుని జీతం అని ఎవరైనా రాయడం ఇదే మొదలు.

ఇన్నాళ్ళూ ఎలా గడిచిందంటారా? ఎలా గడుస్తుందీ, గడవకుండానే గడిచింది. పొద్దున్న ఐదింటి నుంచి ఎనిమిదింటి దాకా కుడతాను. ఆ డబ్బు ఇంటద్దెకి. మూడు కిలోమీటర్లు నడిచి వెళ్తాను, ఆ బస్సు డబ్బు అమ్మాయి పుస్తకాలకి. మధ్యాహ్నం ఆకలి లేదని చెప్తాను. నాతో నేర్చుకునే పిల్లలు మా అమ్మాయి వయసు వాళ్ళు. "ఏంటి పిన్నీ, మా వంట నచ్చదా" అని వాళ్ళ డబ్బా మూతలో ఇంత పెడతారు. రోజూ తినలేను కదా. ఒకరోజు తింటాను, ఒకరోజు తలనొప్పి అంటాను.

కిరాణా కొట్టాయన వరస మార్చేశాడు. ఇదివరకు నెలంతా సరుకులిచ్చి నెలాఖరుకి డబ్బు పుచ్చుకునేవాడు. ఇప్పుడు చేతిలో పెడితేనే ఇస్తున్నాడు. అడిగితే, "మీవారి పేరుతో పేజీ ఉండేదమ్మా. ఇప్పుడెవరి పేరు రాయమంటావు?" అన్నాడు. అతనికి పదేళ్ళుగా డబ్బు తీసుకెళ్ళి ఇచ్చింది ఎవరనుకున్నారు? నేనే. అతనూ మీలాగే మేడమ్. ఏమనుకోకండి.

మావారా? లారీ నడిపేవారు. నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే.

ఆ శిక్షణలో నన్ను చేర్చింది ఆయనే. "ఎన్నాళ్ళు ఊళ్ళోవాళ్ళ జాకెట్లు కుడతావే? పదకొండు నెలలేగా, ఇల్లు నేను చూసుకుంటాను, నువ్వెళ్ళు" అన్నారు. రెండో నెలలో ఫోనొచ్చింది. లోడు దించుతూ కాస్త ఆయాసంగా ఉందని మెట్టు మీద కూర్చున్నారట. టీ తెస్తానని క్లీనరు వెళ్ళాడట. టీ తెచ్చేసరికి...

నీళ్ళు వద్దండీ. తాగే వచ్చాను.

ఆయన పేరు కొట్టండి ఒకసారి. ఇదే బ్రాంచి. నంబరు నాకు నోటికొచ్చు. కొట్టండి, చెప్తాను.

ఊఁ. వచ్చిందా? ఎంతుందీ జాబితా? కుట్టుమిషను, పద్దెనిమిది వాయిదాలు. ఫ్రిజ్జు, పన్నెండు. అమ్మాయికి ఆపరేషనప్పుడు తీసుకున్న లోను, ముప్ఫై ఆరు. ఒక్కటైనా ఆలస్యం ఉందా? పైనుంచి కిందికి చూడండి. మూడు రోజుల ముందే కట్టేదాన్ని. అవును, కట్టేదాన్ని అనే అన్నాను. ఆ నాలుగో కౌంటరు దగ్గర నిలబడి, నా కుట్టు డబ్బులు, చిల్లరతో సహా. అక్కడ కళ్ళజోడు ఆయన ఉండేవారు. "సార్ రాలేదా?" అని ప్రతి నెలా అడిగేవారు. డబ్బు పుచ్చుకుంటూ కూడా సారే కావాలి ఆయనకి.

ఇంకో మాట చెప్తాను, రాసుకోకండి. అందులో ఆయన సంతకాలు కూడా పెట్టింది నేనే. ఆయన రోడ్డు మీద ఉంటే కాగితాలు ఆగుతాయా? మొదట్లో భయపడుతూ పెట్టాను, తరవాత అదే అలవాటైపోయింది. ఒకసారి ఆయనే స్వయంగా వచ్చి చెక్కు రాస్తే, సంతకం కలవలేదని వెనక్కి పంపారు మీవాళ్ళు! ఇంటికొచ్చి పడీ పడీ నవ్వారు. "నా సంతకం నాకు రాదటే! నువ్వెళ్ళి తీసుకురా డబ్బు" అని.

నవ్వు వచ్చింది కదూ మీక్కూడా? నవ్వండి, తప్పులేదు. ఆయనా అలాగే నవ్వేవారు.

ఏంటీ? మరి నా పేరు మీద ఎందుకు తీసుకోలేదనా?

అక్కడికే వస్తున్నాను. నన్ను ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదా మాట.

మిషను కొన్న రోజు షాపులో మీ బ్యాంకు లోను ఫారం తీశారు. ఆయనే అన్నారు, "తొక్కేది నువ్వు, కట్టేది నువ్వు, నీ పేరు రాయించు" అని. వద్దన్నది నేనే మేడమ్. ఆడదాని పేరు మీద అప్పేంటి, తోటి డ్రైవర్లు నవ్వుతారు అన్నాను. "నవ్వనీ" అన్నారు. అయినా ఒప్పుకోలేదు. ఆయన్ని పెద్ద చేస్తున్నాననుకున్నాను. ఇంట్లో మగమనిషి ఉండగా నా పేరు ముందుకొస్తే ఆయనకి చిన్నతనం అనుకున్నాను. ఆయన ఇంకేం చేస్తారు? పెన్ను నా చేతికిచ్చారు. ఆయన పేరు నేనే రాశాను. ఫ్రిజ్జుకీ అంతే. ఆపరేషనుకీ అంతే.

ఎవరూ నన్ను చెరిపెయ్యలేదండీ. నన్ను నేనే రాసుకోలేదు.

మీ జీతం మీ పేరు మీదే పడుతుంది కదూ? ఏటీఎం కార్డు మీ సంచిలోనే ఉంటుందా, మీవారి జేబులోనా? అదేంటి, అటు చూస్తున్నారు? సరేలెండి. అడగను. టీ చల్లారిపోతోంది, తాగండి.

ఇదిగో, ఇది ఆయన ఫోను. మూల పగిలింది, పని చేస్తుంది. ఈ మెసేజు చదవండి. మీ బ్యాంకుదే. "ప్రియమైన ఖాతాదారు గారికి, మీ చక్కని చెల్లింపులకు అభినందనలు. మీకోసం రెండు లక్షల రుణం సిద్ధంగా ఉంది. కావాలంటే ఒకటి నొక్కండి." పొద్దున్న తొమ్మిదింటికి వచ్చింది. నిన్నా వచ్చింది. వారంలో నాలుగుసార్లు వస్తుంది.

పోయినాయనకి రెండు లక్షలు. కట్టినదానికి గీత.

నొక్కలేదండీ. నొక్కబోయాను, దాచను. ఇందాక మీ మెట్ల దగ్గర నిలబడి ఒకటి మీద వేలు పెట్టాను కూడా. పాస్‌వర్డు తెలుసు, కార్డు నా దగ్గరే ఉంది. ఎవరికి తెలుస్తుంది? పది నిమిషాల్లో పని. కానీ ఏడు నెలల కింద పోయిన మనిషి నెత్తిన అప్పు పెట్టడానికి చెయ్యి రాలేదు. ఇంకోటి కూడా అనిపించింది. ఇప్పుడు గనక నొక్కితే, రేపు నా జీతంతో ఆ వాయిదాలు కట్టినా మళ్ళీ ఆయనే కట్టినట్టు. మళ్ళీ నేను లేనట్టే.

చెప్పండి, వింటున్నాను.

ఊఁ. ఆయన ఖాతా మూసెయ్యాలి. మిగిలిన డబ్బు నా పేరున కొత్త ఖాతాలో వేస్తారు. ఆయన వాయిదాల చిట్టా, మాస్టారి కాగితం జతచేసి నా లోను దరఖాస్తు పైకి పంపుతారు. ఇస్తారో ఇవ్వరో చెప్పలేరు. గురువారం కల్లా తెలుస్తుందా? కాదన్నా సరే, చెప్పేయండి. మాస్టారి కాళ్ళు పట్టుకోవడానికి ఒక రోజు మిగలాలి కదా. ఆయనకైతే సొంత కాళ్ళే ఉన్నాయి లెండి, పట్టుకోవచ్చు.

మరణ ధ్రువపత్రమా?

ఉంది. ఆర్నెల్లుగా ఈ సంచిలోనే ఉంది.

ఎందుకివ్వలేదంటే... ఏం చెప్పమంటారు? అందరికీ చెప్పాను మేడమ్. లారీ ఓనరుకి చెప్పాను, ఇల్లు అద్దెకిచ్చినాయనకి చెప్పాను, రేషను కొట్లో చెప్పాను. మీకే చెప్పలేదు. మీ డబ్బు కోసం కాదు, ఒట్టు. అందులో ఎంతుందో మీకే కనపడుతోందిగా. ఇంట్లో ఆయన మాటెత్తితే అందరూ ఉండేవారు, అనేవారు అంటారు. నేనూ అంతే, ఇందాకటినుంచీ అలాగే అంటున్నాను చూడండి. మీరొక్కరే ఆయన ఇంకా ఉన్నట్టు మాట్లాడుతున్నారు. పోయిన నెల ఆయన పుట్టినరోజు. నాకే గుర్తులేదు, ఆరోజు ముగ్గురికి కొలతలు తీశాను. సాయంత్రం ఫోను చూస్తే మీ మెసేజు. "నిండు నూరేళ్ళూ ఆరోగ్యంగా ఉండాలని కోరుకుంటున్నాం" అని.

మిషన్లు పంపుతాయని నాకూ తెలుసండీ. చదువుకోకపోయినా ఆ మాత్రం తెలుసు. అయినా రోజూ తొమ్మిదింటికి, అచ్చుకి ప్లాస్టర్ కలుపుతూ, జేబులో ఫోను కదిలితే... ఏదో.

ఇదిగో పత్రం. తీసుకోండి. జాగ్రత్త, మడత దగ్గర చిరుగుతోంది.

ఎక్కించేశారా? అంతేనా? ఇక రేపటినుంచి రాదు కదూ మెసేజు?

ఊఁ.

సంతకం ఎక్కడ? ఈ గడిలోనా? ఫారం మా అమ్మాయే నింపింది, దస్తూరీ బావుందా? ఇదిగో, పెడుతున్నా.

అయ్యో.

అయ్యయ్యో, ఎంత పని చేశానండీ! ఆయనది పెట్టేశాను. చూడండి, చివర ఆ వంపుతో సహా. చెయ్యి దానంతటదే పోయింది. కొట్టేసి పక్కన పెడితే చెల్లదా? చెల్లదు. అవున్లెండి.

కొత్త ఫారం ఇవ్వండి. ఆగండాగండి, దీన్ని చింపకండి. నాకిచ్చేయండి. ఇక ఎక్కడా పెట్టేది లేదు కదా ఈ సంతకం.

ఊఁ, ఇవ్వండి. కాస్త ఓపిక పట్టాలి మేడమ్. నా పేరు రాయడం నాకంత అలవాటు లేదు.