లోపలికి రావచ్చా

గువాం దీవి. నవంబరు రెండో తేదీ, చనిపోయినవాళ్ళ పండుగ. సైనిక స్థావరం గేటు ముందు కార్ల వరస. అందులో ఒక కారులో తండ్రి ఫెలిక్స్, బండి నడుపుతూ కూతురు అసున్సియోన్, ఇంట్లో పిలిచే పేరు చోంగ్.

"ఆ ఐస్ పెట్టె వెనక సీట్లో పెట్టు నాన్నా. ఇంటి దగ్గర్నుంచి ఒళ్ళోనే మోస్తున్నావు, కాళ్ళు పట్టేస్తాయి."

"పట్టనీ. నువ్వు బండి నడుపు."

"ఎక్కడ నడిపేది? అరగంటై ఇక్కడే ఉన్నాం. వెనక పెడితే ఏమవుతుందిట?"

"ఒలుకుతుంది."

"ఎర్రన్నం ఎలా ఒలుకుతుంది?"

"మాట మార్చకు. బుధవారం సంగతి చెప్పు. ఆ మాట తీసేస్తావా, తీసెయ్యవా?"

"మాట మార్చింది ఎవరు?"

"చోంగ్."

"తియ్యను. స్థావరాన్ని ఇంకా పెంచుతారట, జనం వచ్చి మైకు ముందు ఏమనుకుంటున్నారో చెప్పాలట. నాకూ మూడు నిమిషాలిచ్చారు. నేననుకునేది నేను చెప్తా. అమెరికా ఒక సామ్రాజ్యం. మనం దాని..."

"మెల్లిగా! అద్దాలు దించి ఉన్నాయి."

"దించమన్నది నువ్వే కదా! ఏసీ పడదన్నావు, చెమటకి చస్తున్నాను."

"సామ్రాజ్యమట, సామ్రాజ్యం. బడి పిల్లలకి పాఠాలు చెప్పీ చెప్పీ నీకు ఊరంతా బడిలాగే కనిపిస్తోంది. సామ్రాజ్యం ఎలా ఉంటుందో నువ్వు చూశావా? నేను చూశాను. జపాను వాళ్ళది. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. సరిగ్గా వంగి దండం పెట్టలేదని మా నాన్నని నా ముందు చెంప మీద కొట్టారు. మర్నాడు ఇంకా కిందికి వంగాడు మా నాన్న. అది సామ్రాజ్యం. అమెరికా వాడొచ్చి ఏం చేశాడు? నన్ను ఎత్తుకుని డబ్బా మాంసం పెట్టాడు."

"నీకు డబ్బా మాంసం పెట్టాడు, అమ్మ వాళ్ళ పొలం చుట్టూ కంచె కట్టాడు."

"యుద్ధం. అవసరమొచ్చింది."

"యుద్ధమైపోయి అరవై ఆరేళ్ళు నాన్నా! ఇంకా అవసరం తీరలేదా?"

"సామ్రాజ్యమైతే నీకు పాస్‌పోర్టు ఇస్తుందా? రా తల్లీ, మైకు ముందు నించుని నన్ను తిట్టు అంటుందా?"

"మైకిస్తుంది. ఓటివ్వదు. యుద్ధానికి పంపే అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి మనం పనికిరాం. వెళ్ళి చావడానికి మాత్రం మన పిల్లలు భేషుగ్గా పనికొస్తారు."

"ఆపు."

"ఎందుకాపాలి?"

"ఇరవై రెండేళ్ళు ఆ యూనిఫాం వేసుకున్నాను చోంగ్. వియత్నాంలో ఎవరి పొలాల్లోంచి నడిచానో నాకే తెలీదు. నువ్వు బుధవారం మైకు పట్టుకుని ఇది సామ్రాజ్యం అంటావు. అంటే నేనేమైనట్టు? దాని సిపాయినా?"

"నిన్ననలేదు నాన్నా."

"నన్ను కాక ఎవర్నన్నావు?"

"నిన్ను కాదు. నిన్ను కాదంటున్నానా? ...ముందు కారు కదిలింది."

"కదిలితే నువ్వూ కదులు."

"సరే, నా మాటలన్నీ తప్పే. అమ్మ సంగతి చెప్పు. ఆవిడేమడిగింది? రాజ్యం అడిగిందా, వాటా అడిగిందా? నన్ను మా అమ్మ పక్కన పడుకోబెట్టండి అంది. అంతే కదా? ఆవిడ పొలం, ఆవిడ తల్లి. ఆరేళ్ళ పిల్ల తన చేతుల్తో మట్టి వేసిన చోటు. పోయేముందు వారం రోజులూ అదే మాట. నువ్వు మాటిచ్చావు కూడా."

"ఇచ్చాను."

"ఏమన్నారు వీళ్ళు?"

"కుదరదన్నారు. మర్యాదగానే అన్నారు. ‘మీ దుఃఖంలో పాలుపంచుకుంటున్నాం’ అని రాశారు. మూడుసార్లూ రాశారు."

"మూడుసార్లూ అదే ఉత్తరం నాన్నా, తేదీ మార్చి పంపారు!"

"సంతకాలు వేరు."

"నీకు కోపం రాదా? ఒక్కసారైనా రాదా? అమ్మ బూడిదై చర్చి గోడలో కూర్చుంది, నంబరేసిన గూట్లో. పైన ఎవరో తెలీదు, కింద ఎవరో తెలీదు. బస్సులో కూడా తెలీనివాళ్ళ పక్కన కూర్చోని మనిషి."

"చర్చిలో ఏం, బానే ఉంది. నీడపట్టున ఉంది."

"అందుకేనా మంగళవారం పొద్దున్నే వెళ్ళావు? ఫాదర్‌తో గంటసేపు గదిలో కూర్చున్నావట, పిన్ని చెప్పింది."

"పనుంది."

"ఏం పని?"

"కాఫీ తాగాం."

"గంటసేపా?"

"వేడిగా ఉంది కాఫీ. నీకన్నీ కావాలి. ఇదుగో, ఇంక రెండు కార్లే. ఆ మాట గేటు దగ్గర నీ నోట రాకూడదు. ఒట్టెయ్యి."

"నాన్నా, నా చిన్నప్పుడు చెట్టు చాటుకెళ్ళాలన్నా అమ్మ చెవి మెలేసేది. ‘ముందు పెద్దల్ని అడుగు, లోపలికి రావచ్చా అని అడుగు’ అని. కనబడని వాళ్ళని అడిగి, జవాబు రాకపోయినా కాసేపాగి, అప్పుడు అడుగు పెట్టేవాళ్ళం. వీళ్ళు ఎవర్నడిగి వచ్చారు? ఇప్పుడు ఏడాదికి ఒక్క రోజు, కాగితం మీద పేరుంటేనే, మన అమ్మమ్మని చూడ్డానికి మనం వీళ్ళని అడగాలి. దీన్నేమంటారో నువ్వే చెప్పు, ఆ మాట తీసేసి నువ్వు చెప్పిందే రాస్తాను."

"ఏమీ అనరు. నోరు మూసుకుని ఉంటారు."

"నువ్వు మూసుకోమన్నకొద్దీ..."

"మూసుకో. వచ్చేశాం. గేటు కాపలా అమ్మాయి వస్తోంది, నవ్వుతూ ఉండు."

"హాఫా అదాయ్, నమస్కారం. ఇంజన్ ఆపండి. పాసు, కార్డులు ఇవ్వండి."

"ఇదుగోనమ్మా."

"ఫెలిక్స్ తైమాంగ్లో, అసున్సియోన్ తైమాంగ్లో. సమాధుల దగ్గరికి, ఇద్దరు. సాయంత్రం నాలుగు లోపల బయటికొచ్చెయ్యాలి. డిక్కీ తెరవండి మేడం."

"నీ చొక్కా మీద నపూతి అని ఉంది. ఏ నపూతి అమ్మా? ఎవరి పిల్లవి?"

"మలెస్సో ఊళ్ళో బిసెంటే మనవరాల్ని."

"వలల బిసెంటేనా! మీ తాతా నేనూ ఒకే రోజు సైన్యంలో చేరాం తల్లీ."

"అయ్యో, తెలీలేదు. మన పద్ధతిలో దండం పెడతాను, చెయ్యివ్వండి పెద్దాయనా, ముక్కుకి ఆనించుకోనివ్వండి. ఆ. ...ఈ కత్తి మాత్రం లోపలికి రాదండీ."

"ఏడాది పెరిగిన పొదలమ్మా. కొట్టుకోకపోతే కాలు పెట్టలేం."

"రాదండీ. ఇక్కడే ఉంచుతాను, వెళ్ళేప్పుడు పట్టుకెళ్ళండి. పార ఎందుకు?"

"శిలువ ఒరిగిపోయింది. మట్టెగదోసి నిలబెట్టాలి."

"పోయినేడు బానే ఉంది కదా నాన్నా."

"పోయినేడు గాలివాన రాలేదు. నువ్వూరుకో."

"పాసులో శుభ్రం చెయ్యడానికని ఉంది కాబట్టి పార సరే. తవ్వకూడదు, తెలుసు కదా?"

"తెలుసు తల్లీ. అన్నీ తెలుసు."

"ఒళ్ళో పెట్టెలో ఏముంది?"

"అన్నం. ఎర్రన్నం, కొబ్బరీ నిమ్మకాయా వేసిన కోడి. వాళ్ళకి పెట్టి మేం తినడానికి."

"మూత తియ్యండి."

"చీమలు పడతాయని టేపు చుట్టాను."

"టేపు తీసి చూపించండి పెద్దాయనా. రూలు."

"తీస్తా. తీస్తా. గోరు దిగట్లేదు. చోంగ్, నువ్వు మాత్రం మాట్లాడకు. బుధవారం మాటలు ఇక్కడొద్దు."

"నేనేం మాట్లాడాను?"

"ఆ మాట అనకు, ఈ అమ్మాయి ముందు."

"ఏ మాట?"

"ఏం లేదు తల్లీ. మా అమ్మాయి టీచరు. ఏదో రాసుకుంది."

"అనకు అనకు అంటూ నువ్వే... అంటాను! ఎందుకనకూడదు? డెబ్బై నాలుగేళ్ళ మనిషి, వాళ్ళ కోసం కాల్లో తూటా మోస్తున్న మనిషి, మా అమ్మమ్మకి పట్టుకెళ్ళే అన్నం మూత తీసి చూపించాలా? సామ్రాజ్యం కాక మరేంటమ్మా ఇది? నెత్తిన కిరీటం పెట్టుకుని గుర్రమెక్కి వస్తేనే సామ్రాజ్యమా? ఇలా చొక్కా మీద మన ఇంటి పేరే కుట్టుకుని కూడా వస్తుంది!"

"మేడం, గొంతు తగ్గించండి."

"తగ్గించను!"

"చోంగ్, ఆ సంచిలో కాగితాలు మాత్రం బయటికి తియ్యకు..."

"ఏం కాగితాలు? సంచి ఇవ్వండి మేడం. కారు దిగండి. చేతులు కనబడేలా పెట్టండి."

"తీసుకో. చదువుకో. గట్టిగా చదువు, వెనక కార్లవాళ్ళూ వింటారు!"

"‘నా పేరు అసున్సియోన్. మా అమ్మ పేరు ఎంకార్నా. మా అమ్మమ్మ కంచె లోపల ఉంది. మా అమ్మ కంచె బయట ఉంది. ఇద్దరూ...’"

"ఆగిపోయావేం? చదువు."

"బుధవారం విచారణకా ఇది?"

"అవును. ఇప్పుడేం చేస్తావు, నా పేరు పైకి పంపుతావా?"

"మా నాయనమ్మా లోపలే ఉంది మేడం. మడత పెట్టి సంచిలో పెట్టుకోండి, నాకేం కనబడలేదు. ఎక్కండి. ఎక్కండి కారు, వెనక హారన్లు కొడుతున్నారు. పెద్దాయనా, నాలుగు దాటనివ్వకండి, నా ఉద్యోగం పోతుంది."

"దాటం తల్లీ. చల్లగా ఉండు. చోంగ్, పోనీ. కుడికి తిరుగు."

"క్షమించు నాన్నా. నా నోరు... ఏడాదికొక్క రోజు. అదీ పోగొట్టేదాన్ని."

"ఆ నీళ్ళ ట్యాంకు దగ్గర ఎడమకి."

"ఆ పిల్లని కూడా అనరాని మాట అన్నాను. ...నవ్వుతున్నావా? నాన్నా! నవ్వుతున్నావా నువ్వు?"

"నలభై అయిదేళ్ళుగా చూస్తున్నాను. వద్దన్నది తప్ప ఇంకోటి చేశావా ఎప్పుడైనా?"

"అంటే?"

"పొద్దున్నుంచీ నిన్నెందుకు గిల్లుతున్నాననుకున్నావు? అద్దాలెందుకు దించమన్నాను? వాళ్ళు నీ సంచి పట్టుకుంటే నా పెట్టె వదిలేస్తారని."

"నన్ను... నన్ను ఎర వేశావా! కన్నకూతుర్ని!"

"ఎర అనకు. ముందు నిన్ను పంపాను, వెనక నేనొచ్చాను. ఇరవై రెండేళ్ళలో నేర్చుకున్నదదొక్కటే."

"మరి డబ్బా మాంసం, పాస్‌పోర్టు, మర్యాద ఉత్తరాలు? అంతా వేషమేనా?"

"డబ్బా మాంసం నిజమే. రుచి ఇప్పటికీ నాలిక మీదే ఉంది."

"మిగతాదంతా నన్ను రెచ్చగొట్టడానికే అన్నావా?"

"ఒక్కటి తప్ప."

"ఏది?"

"నేనేమైనట్టు అన్నది. అది నిజంగానే అడిగాను. నీ మూడు నిమిషాల్లో ఎక్కడైనా దానికి జవాబు ఉంటే చెప్పు. నాకు దొరకలేదు."

"...లేదు నాన్నా. నేనసలు అది రాయలేదు."

"రాయి. నా పేరు పెట్టి రాయి. తండ్రి అని దాచకు. ఆపు, ఆపు ఇక్కడ. ఇంక దారి లేదు, నడవాలి."

"పెట్టె ఇటివ్వు, నేను మోస్తా. అబ్బ! ఏంటింత బరువు?"

"ఊపకు! రెండు చేతుల్తో పట్టుకో."

"ఇద్దరికి అన్నం ఇంత బరువుండదు. నాన్నా, అన్నం కింద తువ్వాల్లో చుట్టి ఏముంది? ...శిలువ చూడు, తిన్నగా నిలబడే ఉంది. పార ఎందుకు తెచ్చావు? మంగళవారం ఫాదర్ దగ్గర ఏం చేశావు? నిజం చెప్పు నాన్నా."

"చెప్తా. ముందు నా టోపీ తియ్యనీ. నువ్వూ తల వంచు. అడక్కుండా అడుగు పెట్టకూడదని మీ అమ్మ నీకు చెప్పలా?"

"నాన్నా..."

"ష్. పెద్దలారా, అత్తయ్యా, నేను ఫెలిక్స్‌ని, మీ అల్లుణ్ణి. మన్నించండి, లోపలికి రావచ్చా? మా ఇంటికి మీరెప్పుడొచ్చినా అడక్కుండా రండి, తలుపు తీసే ఉంటుంది. ఎనిమిది నెలలుగా అడగాల్సిన మిమ్మల్ని వదిలేసి ఎవరెవర్నో అడిగాను, బుద్ధి తక్కువై. ఇంక వాళ్ళని అడగను. కాస్త పక్కకి జరగండి అత్తయ్యా. మీ అమ్మాయిని తీసుకొచ్చాను."