వానని వెనక్కి పంపిన పోర్టల్

పంపుల కంపెనీ గేటు పక్కన, అందరూ పిన్ని అని పిలిచే ఆవిడ టీకొట్టు. రెండు బల్లలు, పైన ఒక రేకు, ఎప్పుడూ పొగలు కక్కే ఒక గిన్నె. మధ్యాహ్నం విరామంలో పెద్ద బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చునేది బావ. నిజానికి ఆయన అక్క మొగుడు కాబట్టి మరదలికి ఒక్కదానికే బావ, మిగతా కంపెనీకి పోర్టల్ మేనేజరు. కానీ మరదలు ఉద్యోగంలో చేరి గేటు దగ్గరే "బావా" అని పిలిచిన మర్నాటినుంచి, స్టోరు వాళ్ళు మొదలుకుని లిఫ్టు నడిపే ముసలాయన దాకా అందరూ ఆయన్ని చాటుగా బావ అనే అంటున్నారు.

పోర్టల్ అంటే బ్రహ్మపదార్థమేం కాదు. నోటీసులు, మీటింగులు, సెలవులు, ఒకళ్ళనొకళ్ళు పలకరించుకునే గ్రూపులు, అన్నీ ఫోన్‌లో ఒకేచోట కనబడేట్టు కట్టిన సరంజామా. కట్టింది బావే. ఆ మాట ఆయన చెప్పకుండా పొద్దు గూకదు.

ఆ రోజు మరదలికి టీ మీద ధ్యాస లేదు. రేపు పొద్దున్నే అమ్మకి కంటి ఆపరేషన్. అమ్మ చూపు ఎంత దిగిపోయిందంటే, మొన్న అక్క కొడుకనుకుని దిండుని ఒళ్ళో వేసుకుని జోకొట్టింది. అసలు పిల్లాడు పక్కగదిలో గుక్కపట్టి ఏడుస్తుంటే, "ఎవరి పిల్లాడో పాపం, మనవాడు చూడు ఎంత బుద్ధిమంతుడో" అంది. అక్కేమో బాలింత, పిల్లాడికి ఇంకా మెడైనా నిలవలేదు. అమ్మకి తోడెళ్ళాల్సింది మరదలే. రేపటి వంతు తప్పితే ఆ డాక్టరు మళ్ళీ ఎప్పటికి దొరుకుతాడో తెలీదు.

వచ్చిన చిక్కల్లా సెలవుతోనే. మరదలి ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మంజూరు కాకుండా మానేస్తే ఇక రానక్కర్లేదని చెప్పేస్తారు. మంజూరు చెయ్యాల్సింది బావ. సాయంత్రం కంపెనీ గంట కొట్టేలోపు తేలాలి. ఇంట్లో అడిగితే, "ఆఫీసు సంగతులు గడప దాటి తేకు" అన్నాడు. ఆఫీసులో అడిగితే, "నోటిమాట మీద సెలవులిచ్చేట్టయితే నేను పోర్టల్ కట్టిందెందుకు? అందులో పెట్టావుగా, అదే చూసుకుంటుంది" అన్నాడు. అది ఏం చూసుకుంటోందో ఆమెకి అంతు పట్టడం లేదు. ఫోన్‌కి మాత్రం కబురు మీద కబురు. 'మీ దరఖాస్తు ముందుకు కదిలింది.' పొద్దున్నించీ కదులుతూనే ఉంది. ఇంత కదిలిన మనిషైతే ఈపాటికి పొరుగూరు చేరేవాడు.

అసలా పోర్టల్ ఆమెకి మొదటినుంచీ అయోమయమే. చేరిన కొత్తనుంచీ, రోజూ పొద్దున బస్సెక్కగానే ఫోన్‌లో బోలెడు మంది గోడు వచ్చిపడుతోంది. ఫలానా ఆయనకి జ్వరం, ఫలానా ఆవిడ కూతురికి పరీక్ష, సరేనా కాదా అని. కొత్తగా చేరినవాళ్ళ బుద్ధి ఎలాంటిదో తేల్చడానికి పెట్టే పరీక్ష కాబోలనుకుంది. శ్రద్ధగా చదివి, సరే అనాల్సినచోట సరే, కాదనాల్సినచోట కాదు అని నొక్కుతూ వచ్చింది. మార్కులు ఎప్పుడు చెబుతారో అని ఎదురుచూస్తోంది కూడా.

"మొదట్లో ఏముంది, చిన్న పనే," అని మొదలుపెట్టాడు బావ, టీ మీది మీగడని చిటికెన వేలితో తీసి విదిలిస్తూ. "నోటీసులన్నీ లిఫ్టు తలుపు మీద అంటించేవాళ్ళా, తలుపు తెరుచుకున్నప్పుడల్లా నోటీసు మధ్యకి చీలి సగం ఈ రెక్క మీదా సగం ఆ రెక్క మీదా ఉండిపోయేది, ఎడమ పక్కవాడు 'రేపు సెలవు' అని చదివి సంచి సర్దుకునేవాడు, కుడి పక్కవాడు 'లేదు' అని చదివి ఏది లేదో తెలీక రోజంతా బిక్కచచ్చి కూర్చునేవాడు. నేను చూశాను, చూసి ఊరుకునే మనిషినా, కూర్చుని ఒక్క పేజీ కట్టి నోటీసులన్నీ అందులో పెట్టాను. ఒక్కటంటే ఒక్క పేజీ."

"అంతవరకూ నిజమే," అన్నాడు లెక్కల విభాగం ఆయన. అందరూ ఆయన్ని లెక్కలాయన అంటారు. "ఆ పేజీ నేనూ చూశాను."

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? స్టోరు వాళ్ళకీ కొనుగోళ్ళ వాళ్ళకీ మాటల్లేవు కదా, ఎదురెదురు గదుల్లో కూర్చుని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా బతికేవాళ్ళు కదా, ఇద్దరినీ కలిపి ఒక గ్రూపులో పడేశాను. మొదట తిట్టుకున్నారు, తర్వాత తిట్లకి బొమ్మలు తగిలించుకున్నారు, ఆ తర్వాత బొమ్మలే మిగిలాయి, చివరికి ఇటు కుర్రాడికీ అటు పిల్లకీ పెళ్ళి. పెళ్ళి కూడా గ్రూపు మీటింగులోనే, ఎజెండాలో రెండో అంశం."

"మొదటి అంశం ఏంటి బాబూ?" అంది పిన్ని గిన్నెలోకి పాలు వంపుతూ.

"పోయిన మీటింగు నిర్ణయాల ఆమోదం. పద్ధతి పద్ధతే పిన్నీ. సరే, అది వదిలెయ్. ఆ పెళ్ళయ్యాక జనానికి మీటింగుల మీద ఎంత మోజు పుట్టిందంటే, ఒకరోజు అందరూ వేరే వేరే మీటింగుల్లో ఉండిపోయి అసలు మీటింగుకి ఒక్కడూ రాలేదు. కుర్చీలే జరిపించుకున్నాయి. అంత సవ్యంగా ఏ మీటింగూ జరగలేదు. ఎవరూ ఎవరికీ అడ్డు తగల్లేదు."

"కుర్చీలు మాట్లాడాయా?" అన్నాడు లెక్కలాయన.

"మాట్లాడలేదు కాబట్టే త్వరగా అయిపోయింది. మీ గొడుగు సంగతే చూడండి, పోర్టల్‌లో వెతుకు అనే గడిలో నేను 'గొడుగు' అని కొడితేనేగా దొరికింది?"

"అది మా ఇంట్లో బీరువా వెనకాల దొరికిందండీ."

"మరి బీరువా వెనక్కి చూడాలని మీకు బుద్ధి పుట్టించిందెవరు?"

లెక్కలాయన నోరు తెరిచి, అందులోకి టీ పోసుకున్నాడు. ఆయన మొహం చూస్తే నిజంగానే ఎవరు పుట్టించారా అని వెతుక్కుంటున్నట్టుంది.

మరదలి ఫోన్ గుర్రుమంది. ముందుకు కదిలింది.

"బావా," అంది ఆమె, "నా సెలవు..."

"ఉండవే, అక్కడికే వస్తున్నా. పిల్లాడు పుట్టాక ఈ పోర్టల్‌కి ఏమైందో తెలుసా? మనసొచ్చింది. అవును, నవ్వకండి. అదివరకు పొద్దున లేస్తే దరఖాస్తులతో నా ఫోన్ దడదడలాడిపోయేది, స్నానం చేస్తుంటే సబ్బుపెట్టెలో దూకేది. ఇప్పుడు చీమ చిటుక్కుమనదు. నేను తెరవడమే మానేశాను. అదే చదువుతుంది, అదే తూస్తుంది, జ్వరమొచ్చినవాడికి సరే అంటుంది, దొంగజ్వరానికి కాదంటుంది. మొన్న ప్యాకింగు వాడొకడు మేనత్త పోయిందని సెలవడిగితే ఏం రాసిందో తెలుసా? 'మీ మేనత్తగారు పోయిన నెలలోనే పోయారు, నా విచారం అప్పుడే తెలియజేశాను' అని. ఎంత మర్యాద, ఎంత జ్ఞాపకం. అంత తెలివి నేను దానికి నేర్పలేదు. నన్ను చూసి నేర్చుకుంది."

మరదలి చేతిలో గ్లాసు పెదాల దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ మాట రాసింది ఆమే. బస్సులో, కిటికీ పక్కన నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేతి బొటనవేలితో రాసింది. పరీక్షలో తను రాసిన జవాబుని పోర్టల్ కాపీ కొట్టిందా? లేక పోర్టల్ మనసులో ఉన్న మాటని తనే కాపీ కొట్టిందా? కాసేపు ఆమెకి తన బొటనవేలు తనదేనా అని అనుమానం వచ్చింది. దాన్ని ఒకసారి ముడిచి చూసుకుంది. ముడుచుకుంది.

బావ ఆగలేదు. "అది మొదలు దాని పేరు ఎక్కడిదాకా పాకిందనుకున్నారు? ముక్కు చీదకముందే జలుబు సెలవు మంజూరయ్యేది. ఒకడికలా ముందే ఇచ్చేస్తే, ఇచ్చారు కదా అని మొహమాటానికి జలుబు తెచ్చుకున్నాడు. తర్వాత, మొన్నామధ్య మబ్బులు కమ్మీ కమ్మీ కురవకుండా పోయాయి గుర్తుందా? వాన దరఖాస్తు పెట్టుకుంది. కారణం అనే గడిలో 'వానాకాలం' అని రాసింది. కారణం సరిపోలేదని పోర్టల్ వెనక్కి కొట్టింది."

"అందుకా నా రేకు మీద చుక్క పడలేదు," అంది పిన్ని పైకి చూస్తూ.

"అందుకే. వాన మళ్ళీ సవరించి పెట్టుకుంటే అరపూటకి ఒప్పుకుంది. అది కూడా ఏం కాదు. జనమంతా పోర్టల్‌లోనే ఉండేసరికి బిల్డింగు లోపల మనిషన్నవాడు లేక తేలికైపోయిందా, గాలికి ఊగుతోందా, నేను కిటికీలకి తాడు కట్టి ఒక చేత్తో తాడు పట్టుకుని ఒక చేత్తో కీబోర్డు కొట్టుకుంటూ, ఇక లాభం లేదని చివరికి బిల్డింగునే పోర్టల్‌లోకి ఎక్కించేశాను. అదుగో, అక్కడ కనబడుతోందే, అది బిల్డింగు కాదు. అటాచ్‌మెంటు."

అందరూ తిరిగి చూశారు. బిల్డింగు ఎప్పటిలాగే ఉంది, మూడో అంతస్తు కిటికీలో ఎవరిదో తువ్వాలు ఆరేసి ఉంది.

"అయితే ఇప్పుడు మనం," అన్నాడు లెక్కలాయన మెల్లగా, "పోర్టల్ లోపలున్నట్టా, బయటున్నట్టా?"

ఆ ప్రశ్నకి పిన్ని కూడా గరిటె ఆపింది. గేటు లోపల్నించి మొదటి గంట వినిపించింది, విరామం అయిపోవచ్చిందని. మరదలి ఫోన్ మళ్ళీ గుర్రుమంది. ముందుకు కదిలింది.

"ముందుకంటే ఎక్కడికి బావా?" అంది మరదలు. ఈసారి గొంతు కాస్త పెద్దదైంది. "అందరివీ మంజూరవుతున్నాయి. వానది కూడా అయింది. అమ్మ కన్ను మాత్రం ఎందుకాగింది?"

"ఆగడమా? నా పోర్టల్‌లో ఏదీ ఆగదు. అలా నేనే కట్టాను. దరఖాస్తు పెద్ద దగ్గరికి వెళ్తుంది. పెద్ద సెలవులో ఉంటే బదులు మనిషి దగ్గరికి వెళ్తుంది. ఎవరి సెలవు వాళ్ళు మంజూరు చేసుకోకూడదు కాబట్టి, బదులు మనిషిదే ఆ సెలవైతే వాళ్ళకి చూపించకుండా మళ్ళీ పెద్ద దగ్గరికి పంపిస్తుంది. ఇక సెలవులో ఉన్నవాడు దొంగచాటుగా పెత్తనం చెయ్యకూడదని, తిరిగి చేరాలంటే బదులు మనిషి ఒప్పుకోవాలని కూడా పెట్టాను. చీమ దూరే సందు లేదు."

"మీరెప్పుడైనా సెలవు పెట్టారా?"

"పిల్లాడు పుట్టినప్పుడు రెండ్రోజులు పెట్టాను. నీకు తెలీదా?"

"అప్పుడు బదులు మనిషిగా ఎవరి పేరిచ్చారు?"

"నీ పేరే. అప్పుడే చేరావు, పనేం లేదు, దగ్గరిదానివి కదా అని."

"తిరిగొచ్చాక వచ్చానని చెప్పారా?"

"ఎవరికి చెప్పాలి? అందరూ నన్ను చూస్తూనే ఉన్నారుగా."

"పోర్టల్ చూడలేదుగా బావా," అంది మరదలు. ఫోన్ బల్ల మీద పెట్టి, రోజూ పొద్దున బస్సులో తను నొక్కినవన్నీ వేలితో పైకి తోసింది. జ్వరాలు, పరీక్షలు, పైపు పగిలిన ఇళ్ళు, రెండుసార్లు పోయిన మేనత్త. "దానికి మనసు రాలేదు. మీరు సెలవులో ఉన్నారు, అంతే. మీకొచ్చేవన్నీ నాకొస్తున్నాయి, నేను నొక్కుతున్నాను. నాది మీ దగ్గరికెళ్తే మీరు లేరు, నా దగ్గరికొస్తే నాది నాకు కూడదు, మళ్ళీ మీ దగ్గరికి. నిజమే, ఎక్కడా ఆగలేదు. గానుగెద్దులా తిరుగుతోంది."

బావ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఎటు పోవాలో తెలీక ఆగింది. గబగబా ఫోన్ తీసి, తను ఎన్నాళ్ళుగానో తెరవని పోర్టల్‌ని రెండుసార్లు తప్పు కొట్టి మూడోసారికి తెరిచాడు. లెక్కలాయన ఆయన భుజం మీదుగా తొంగిచూసి, కళ్ళజోడు సర్దుకుని, పైకి చదివాడు. "'మీరు సెలవులో ఉన్నారు. విశ్రాంతి తీసుకోండి.'"

"మరి ఇంతసేపూ ఈ బల్ల మీద కూర్చుందెవరు?" అంది పిన్ని. అడగడంలో వెటకారం లేదు. పాపం, నిజంగానే తేలక అడిగింది.

బావ ఏదో నొక్కాడు. మరదలి ఫోన్ గుర్రుమంది. పోర్టల్ మేనేజరు తిరిగి చేరడానికి అనుమతి కోరుతున్నారు, సరేనా కాదా. కారణం గడిలో 'ఇక్కడే ఉన్నాను' అని ఉంది.

ఆమె అది చదివింది. ఆయన మొహం చూసింది. చెమట పట్టిన ఆ మొహంలో తొలిసారిగా ఒక దరఖాస్తుదారు కనబడ్డాడు.

"కారణం సరిపోలేదు బావా."

"ఏమే, రెండో గంట కొట్టేస్తారు."

"వాన కూడా సవరించుకుంది."

బావ తల వంచుకుని, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ మళ్ళీ రాశాడు. 'మా అత్తగారి కన్ను. నా తప్పు.' మరదలు దాన్ని రెండుసార్లు చదివి, బస్సులో రోజూ నొక్కే బొటనవేలితోనే సరే అని నొక్కింది. ఇప్పుడు పోర్టల్‌కి కూడా బావ ఉన్నాడు. ఉన్నాడో లేదో, వెంటనే ఆమె దరఖాస్తు ఆయన ముందుకొచ్చి పడింది. ఆయన నొక్కాడు. ఈసారి ఆమె ఫోన్‌లో ముందుకు కదలడాలేమీ లేవు. 'మంజూరైంది' అని ఒక్క మాటే ఉంది.

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి లేచింది. "రేపు నేనుండను బావా. నేనున్నా అవి ఇక నాకు రావు. అందరివీ చదివి నొక్కండి. ప్యాకింగు ఆయన మేనత్త విషయంలో కొంచెం జాగ్రత్త."

ఆమె గేటు దాటుతుండగానే బావ చేతిలో ఫోన్ దడదడలాడింది. ఒకటి, దాని మీద ఒకటి, ఊపిరాడనివ్వకుండా. బల్ల మీద పెట్టేసరికి బల్లతో పాటు గ్లాసులూ మోగాయి. బావ దాన్ని అరచేత్తో అదిమిపట్టాడు, ఆ వేళ్ళ సందుల్లోంచి కూడా గుర్రుమంటూనే ఉంది.

పిన్ని కాసేపు చూసింది. తర్వాత గరిటె గిన్నె మీద ఆనించి, బుద్ధిగా, కథ వినే మనిషిలాగా ముందుకి వంగింది.

"ఆ తర్వాత ఏమైంది బాబూ?"