పడుకున్న జిరాఫీ

“క్రేనుని చూసి నేను భయపడతానా? భలేవాడివే బావా! నన్ను చూసి అదే భయపడాలి. పిన్నీ, ఇంకో టీ ఇవ్వు, ఈసారి పంచదార కాస్త గట్టిగా తగిలించు.”

బొమ్మలాయన టీకొట్టు బెంచీ మీద చతికిలబడి చాలాసేపయింది. ఎదురుగా పిల్లల ఆసుపత్రి. దాని కిటికీలన్నీ ముందువైపే, పక్కగోడకి ఒక్కటీ లేదు, కింది నుంచి ఏడో అంతస్తు దాకా సున్నం వేసిన తెల్లగోడ. గోడ పక్కనే క్రేను బండి ఆగి ఉంది. మనుషుల్ని పైకి మోసే తొట్టిలో రంగుల స్ప్రే డబ్బాలు సర్ది పెట్టారు. జీవితమంతా అడక్కుండా ఊళ్ళో గోడల మీద బొమ్మలేసి పారిపోయిన మనిషిని మొట్టమొదటిసారి ఒకరు పిలిచి, ఇదిగో గోడ, బొమ్మ వెయ్యండి అన్నారు. పది గంటలకల్లా పని మొదలవ్వకపోతే వేరే ఆర్టిస్టుని పిలిపిస్తామని డాక్టరమ్మ ముందే చెప్పేసింది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. ఆయన మాత్రం ఆ గోడ వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

నేను టైలర్ని. నా మిషను టీకొట్టు పక్కనే. వరసకి ఆయన నాకు బావ.

“టైమవుతోంది బావా” అన్నాను.

“అవనీ. టైము నా కోసం ఆగుతుంది, నేను దాని కోసం ఆగను. అసలు నా మొదటి బొమ్మ సంగతి మీకు చెప్పానా? పిల్లి. మా వీధి చివర బేకరీ వెనకగోడ మీద బొగ్గుముక్కతో గీశా, ఎంతో లేదు, అరచేతంత. పొద్దున్నే బేకరీ కుక్క దాన్ని చూసి మొరిగింది. అంతే, పెద్ద గొప్పేం కాదు.”

“కుక్కన్నాక మొరుగుతుంది” అన్నాడు తాళాలు బాగుచేసే తాత. అప్పటికి ఎవరికీ పేచీ లేదు.

“మొరిగి ఊరుకుంటే నేనెందుకు చెబుతాను తాతా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? బేకరీలో ఎలుకలన్నీ మూటాముల్లె సర్దుకుని పక్క బట్టలకొట్లోకి కాపురం మార్చేశాయి. బట్టలకొట్టాయన లబోదిబోమంటూ వచ్చి, బాబ్బాబూ మా గోడకీ ఒక పిల్లిని పెట్టు అన్నాడు. సరే కదా అని పెట్టా. అవి చెప్పులకొట్టుకి పోయాయి. అక్కడా పెట్టా. అలా ఎలుకలు ముందు, నేను వెనక, ఊరంతా నా కళ పాకిపోయింది.”

“చివరికి ఆ ఎలుకలు ఎక్కడ తేలాయి?” అంది పిన్ని, టీ వడకడుతూ.

“మా మామగారింట్లో. అక్కడ మాత్రం నేను పిల్లిని గియ్యలేదు.”

పిన్ని గ్లాసు చేతికిచ్చింది. ఆయన ఊదుకుంటూ ఒక గుక్క తాగాడు. గోడ వైపు తిరగలేదు.

“ఇంక స్ప్రే డబ్బా చేతికొచ్చాక చూడాలి నన్ను! డబ్బాలో గోలీ ఉంటుంది కదా, ఊపితే టకటకమంటుంది, ఆ చప్పుడు వింటే చాలు, మున్సిపాలిటీ కాపలావాళ్ళు చెప్పులు వదిలేసి నా వెంట పడేవాళ్ళు. ఒకసారి తరుముకుంటూ తరుముకుంటూ దారి లేని సందులోకి తోసేశారు నన్ను. ముందు గోడ, వెనక వాళ్ళు. ఇంకొకడైతే చేతులెత్తేసేవాడు. నేనేం చేశానో తెలుసా? గోడ మీద తలుపు గీశా, గడియ గీశా, ఆ గడియ తీసి లోపలికెళ్ళి లోపల్నుంచి మళ్ళీ వేసుకున్నా!”

“ఓరి నీ!” అన్నాడు తాత.

“వాళ్ళు బయట నిలబడి మర్యాదగా తలుపు కొడుతున్నారు, సార్ సార్ అంటూ. నేను పలకలేదు. ఇప్పటికీ పోస్టుమాన్ ఆ తలుపు కింద ఉత్తరాలు తోస్తాడని చెప్పుకుంటారు.”

“లోపల ఏముంది బావా?” అన్నాను.

“చీకటి. కిటికీ గియ్యడం మర్చిపోయా.”

క్రేను డ్రైవరు ఒకసారి హారన్ కొట్టాడు. బొమ్మలాయన ఉలిక్కిపడి, టీ ఒలకలేదని చూసుకుని, ఇంకా గట్టిగా మొదలుపెట్టాడు.

“ఇవన్నీ ఒకెత్తు, నా జిరాఫీ ఒకెత్తు. స్కూలు ప్రహరీ గోడ మీద చూశారుగా? ఎవడైనా జిరాఫీని నిలబెడతాడు. అందులో గొప్పేముంది? నేను పడుకోబెట్టా! ఈ గేటు దగ్గర తోక, ఆ గేటు దగ్గర తల, మధ్యలో మెడ హాయిగా చాచుకుని పడుకుంది. దేశదేశాల ఆర్టిస్టులు వచ్చి, జిరాఫీ అలసటని ఇలా పట్టుకున్న మొనగాడు ఇంకొకడు లేడని కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత రాకెట్టు వేశా. అందరి రాకెట్టూ పైకి పోతుంది, నాది వీధి పొడుగునా అడ్డంగా పోయింది. అదేంటని ఒక సైంటిస్టు అడిగితే, అడ్డదారి అయ్యా, తొందరగా చేరుతుంది అన్నా. ఆయన వెంటనే లెక్కలన్నీ కొట్టేసి మళ్ళీ మొదలెట్టాడు.”

ఆ జిరాఫీని నేనూ చూశాను. అది మాత్రం నిజంగా ముచ్చటగా ఉంటుంది. ఆసుపత్రి డాక్టరమ్మ కూడా దాన్ని చూసే బొమ్మలాయన్ని వెతికి పట్టుకుంది. మా పిల్లలు మంచం మీంచి లేవాలని మేం నానా తంటాలు పడుతున్నాం, మీ జిరాఫీని కూడా లేపి నిలబెట్టండి, వాళ్ళు చూస్తారు అంది. కాళ్ళు నేల మీద, చెవులు ఏడో అంతస్తు దగ్గర. ఆ మాట విన్నరోజు బొమ్మలాయన మా అందరికీ టీ పోయించాడు. ఆ రాత్రి నుంచే సరిగ్గా అన్నం తినడం లేదని అక్క నాతో చెప్పింది.

అక్కంటే ఆయన భార్య. ఆవిడ కథ కూడా ఆయన నోటే వినాలి.

“నా దెబ్బకి మున్సిపాలిటీకి పిచ్చెక్కిపోయింది. నా బొమ్మలు చెరపడానికే ప్రత్యేకంగా ఒక మనిషిని ఉద్యోగంలో పెట్టుకున్నారు. నేను పొద్దున వేస్తే ఆవిడ సాయంత్రానికి బూడిద రంగు పూసేది. నేను మళ్ళీ వేసేవాణ్ణి. ఇలా కాదని ఒకరోజు ఏం చేశానో తెలుసా? కుళాయి గీశా. ధార కట్టి నీళ్ళు పడుతున్న కుళాయి. గంటలో ఊళ్ళో బిందెలన్నీ అక్కడే! ముందు నేనంటే ముందు నేనని జుట్లు పట్టుకుంటున్నారు. అప్పుడొచ్చింది ఈవిడ, రంగు బాల్చీ, రోలరు పట్టుకుని. వచ్చి చెరపాలా వద్దా? చెరపలేదు. అయ్యో నీళ్ళన్నీ వృథా అయిపోతున్నాయని గబగబా కుళాయి కట్టెయ్యబోయింది! అంతే బావా. నా గుండె జారిపోయింది.”

“బిందెలో పడిందా?” అంది పిన్ని.

“నవ్వు పిన్నీ, నవ్వు. ఆవిడ చేత్తో చెరిపించుకోవడానికే నేను ఎన్ని గోడలు పాడుచేశానో నీకేం తెలుసు.”

ఈ మాట మాత్రం నెమ్మదిగా అన్నాడు. ఇందులో ఎంత కోత ఉందో మేం ఎవరం అడగలేదు.

డ్రైవరు మళ్ళీ హారన్ కొట్టి, తల బయట పెట్టి, “సార్, రండి! డాక్టరమ్మ కిందికి దిగుతోంది!” అని కేకేశాడు.

“వస్తున్నా నాయనా, ఎత్తు నాకు కొత్తా? అసలు ఎత్తంటే ఏంటో మీకు చెప్పాలి. ఊరి మధ్యలో ఉందే, అందరికంటే పొడుగు బిల్డింగు, దాని నెత్తి మీద బొమ్మ వేశా నేను. ఈ క్రేన్లూ గీన్లూ లేవు. నడుముకి తాడు, నోట్లో డబ్బా, అంతే. మేఘాలు నా కాళ్ళ కింద నుంచి పోతున్నాయి. విమానం ఒకటి పక్క నుంచి పోతూ, అందులో ఒక ముసలాయన కిటికీలోంచి, జలుబు చేస్తుంది మఫ్లరు కట్టుకో బాబూ అన్నాడు. కట్టుకునేలోపే తాడు తెగింది!”

“అయ్యబాబోయ్!” అన్నాడు తాత.

“పడుతున్నా. ఒక్కో అంతస్తూ పైకి పోతోంది, నేను కిందికి. జనం గోల. ఇంకొకడైతే కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకునేవాడు. నేను డబ్బా ఊపా. గోలీ టకటకమనాలి కదా, లేకపోతే రంగు సరిగ్గా రాదు, పడుతున్నా సరే పద్ధతి పద్ధతే! ఊపి, గోడ మీద బాల్కనీ గీశా. కటకటాలు గీశా. లటుక్కున పట్టుకున్నా!”

“రంగు ఆరకుండానే?” అన్నాను.

“అదే కదా నా ఏడుపు, అరచేతులకంతా అంటుకుపోయింది! సరే, బాల్కనీ ఎక్కి తలుపు గీశా, తలుపు గియ్యడం నాకు కొత్తా? కొడితే ఒక మామ్మగారు తీసి, చెప్పులు బయట విడిచి రా, ఇప్పుడే తుడిచాను అంది. ఆవిడ కాఫీ ఇచ్చింది, తాగా. మెట్లు గీసే ఓపిక లేక లిఫ్టు గీశా.”

“దిగావా?”

“ఎక్కడ దిగుతాను తాతా, కరెంటు పోయింది! లిఫ్టులో అలా గాల్లో వేలాడుతూ, కిందికి చూస్తూ, ఓస్, ఎత్తంటే ఇంతేనా అనుకున్నా...”

“అవునా? మరి మనింట్లో బల్బు మార్చేదెవరు?”

బొమ్మలాయన గుక్క మింగబోయి ఆగిపోయాడు. అక్క ఆయన వెనకే నిలబడి ఉంది. మున్సిపాలిటీ చొక్కా నిండా బూడిద రంగు మరకలు, భుజం మీద నడుముకి కట్టుకునే బెల్టులు రెండు. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో తెలీదు. ఆయన చేతిలో గ్లాసు లాక్కుని మిగిలిన టీ తనే తాగేసింది.

“చెప్పు, ఎవరు మారుస్తారు?”

“నువ్వే.”

“మీకు తెలుసా పిన్నీ, మా జట్టులో ఈయన గోడల కోసం కొట్టుకుంటారు. చెరపడానికి నాకంటే నాకని. ఎందుకో తెలుసా? నిచ్చెన మొయ్యక్కర్లేదు! మిగతావాళ్ళ బొమ్మలకి నిచ్చెన కావాలి, పరంజా కావాలి. ఈయన బొమ్మైతే నేల మీద నిలబడి, పాట పాడుకుంటూ రోలరు లాగెయ్యచ్చు. ఈయన చెయ్యి ఎంతవరకు అందితే బొమ్మ అంతవరకే. దాని పైన ఈయన రంగు చుక్క ఒక్కటి నేనింతవరకు చూడలేదు. జిరాఫీ ఎందుకు పడుకుందనుకున్నారు? రాకెట్టు ఎందుకు అడ్డంగా పోయింది?”

ముందు తాతకి అర్థమైంది. టీ ముక్కులోకి పోయి దగ్గడం మొదలెట్టాడు. తర్వాత పిన్ని పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను గానీ, బావ ముఖం చూశాక ఆపేశాను. గాలి తీసిన బుడగలా చిన్నబోయి, చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

“భయమేం కాదు” అన్నాడు చివరికి. “ఇవాళ్టికి కాళ్ళు గీస్తా. పైది తర్వాత చూద్దాం.”

“కాళ్ళు ముందు గీస్తే పైన కారిన రంగంతా వాటి మీద పడుతుంది. ఆ మాత్రం నాకు తెలీదా? గోడని పై నుంచే మొదలెట్టాలి. చెవి దగ్గర.”

“చెవి మరీ పైనుందే.”

అక్క ఆయన పక్కన కూర్చుంది.

“నేను బల్బు మార్చేటప్పుడు స్టూలు ఎవరు పట్టుకుంటారు?”

“నేనే.”

“ఎప్పుడైనా వదిలేశావా?”

“అదేం మాట!”

“నేనూ వదలను. లే. పిల్లలు కిటికీల్లో ఎదురుచూస్తున్నారు.”

ఆయన లేచాడు. ఆవిడ నడిరోడ్డు మీదే ఆయనకి బెల్టు బిగించి, ఆ బెల్టు కొక్కెం తొట్టికి తగిలించి, ఆ తర్వాతే తన బెల్టు కట్టుకుంది. క్రేను కదిలింది. మొదటి అంతస్తు దాటేసరికి ఆయన చెయ్యి ఊపుతాడేమో అని చూశాం. లేదు, రెండు చేతులూ అక్క భుజాల చుట్టూనే ఉన్నాయి. డాక్టరమ్మ గడియారం చూసుకుని, బాగుంది, టైముకే మొదలెట్టారు అంది.

కాసేపటికి పై నుంచి టకటకటకమని గోలీ చప్పుడు మొదలైంది. ఆగడం లేదు.

“అంతసేపు ఊపాలా బావా?” అని కింది నుంచి అరిచాను.

“ఊపడం లేదు! వణుకుతున్నాడు!” అని అక్క అక్కణ్ణుంచి అరిచింది.

వీధి వీధంతా నవ్వింది. ఆసుపత్రి కిటికీల్లో పిల్లలు కూడా నవ్వారు. కానీ ఎండ నడినెత్తికి వచ్చేసరికి తెల్లగోడ కొసన, ఆకాశానికి ఆనుకుని, గోధుమ రంగు చెవి ఒకటి వచ్చింది. ఎవరో పిలిస్తే విన్నట్టు, కొద్దిగా పక్కకి వాలిన చెవి.

తొట్టి కిందికి దిగింది. బొమ్మలాయన నేల మీద కాలు పెట్టి, ఇంకో కాలూ పెట్టి, తిన్నగా బెంచీ దగ్గరికి వచ్చి కూలబడ్డాడు. ఈసారి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. పిన్ని అడక్కుండానే టీ ఇచ్చింది. మేం చుట్టూ చేరాం, మేఘాలు ఎక్కడిదాకా వచ్చాయో, ఏ విమానం పలకరించిందో విందామని.

“చెప్పు బావా, పైనుంచి ఊరు ఎలా కనిపించింది?”

“ఏమో. నేను కళ్ళు తెరిస్తే కదా!”

“కళ్ళు మూసుకునే గీశావా ఆ చెవి?”

“మూసుకునే.”

తాత బెంచీ మీద దబదబా కొట్టాడు. “ఓరి నాయనో, బాల్కనీని మించిన కోత ఇది! అమ్మాయ్, నువ్వన్నా చెప్పవే!”

అక్క ఆయన గ్లాసు లాక్కుని ఒక గుక్క తాగింది.

“అది మాత్రం నిజమే తాతా” అంది. “ఎడమకి, ఇంకొంచెం పైకి, ఇప్పుడు కిందికి అంటూ నేనే చెప్పాను. ఈయన గీశాడు.”